కున్‌మింగ్ నుంచి మెంగ్‌హాయ్ దాకా: మొదటి పుఅర్ బిళ్ళ కోసం

ఆకును బిళ్ళలుగా నొక్కి ఏళ్ళ తరబడి నిలవ ఉంచే పుఅర్ టీ కోసం చైనాలోని యున్నాన్ రాష్ట్రానికి వెళ్ళే కొత్తవాళ్ళు చాలామంది నేరుగా కొండలెక్కాలనుకుంటారు. నేను ముందు రాజధాని కున్‌మింగ్‌లోనే ఆగాను, ఎవరడిగినా అదే చెబుతాను. షియోంగ్‌దా, కాంగ్లె బజార్లలో ఏ దుకాణంలోకి వెళ్ళినా కూర్చోబెట్టి టీ కాచి పోస్తారు. తాగినంత మాత్రాన కొనాలన్న మొహమాటం అక్కర్లేదు. పచ్చిదీ మాగినదీ, నిరుటిదీ పదేళ్ళనాటిదీ ఒకే బల్ల మీద పోల్చుకునే వీలు కొండ ఊళ్ళలో దొరకదు. అక్కడ ఎవరి ఇంట్లో వాళ్ళ తోట ఆకే ఉంటుంది.

ముందు తేల్చుకోవలసింది షెంగ్ (పచ్చిది) కావాలా, షౌ (మాగినది) కావాలా అన్నది. రెండింటికీ మూలం మావ్‌చానే. అస్సాం రకం పెద్దాకును పెద్ద ఇనప మూకుళ్ళలో వేయించి, నలిపి, ఎండలో ఆరబెడితే వచ్చేది అది. దాన్ని ఆవిరి పట్టి బిళ్ళగా నొక్కితే షెంగ్, ఏళ్ళ తరబడి తనంతట తానే నెమ్మదిగా మారుతుంది. అదే ఆకును కుప్పపోసి, నీళ్ళు చల్లి, పైన గుడ్డ కప్పి, మధ్యమధ్య తిరగేస్తూ నెలన్నర, రెండు నెలలు మాగబెడితే షౌ. 1970లలో కున్‌మింగ్, మెంగ్‌హాయ్ ఫ్యాక్టరీల్లో కుదురుకున్న పద్ధతి ఇది. చిక్కటి టీకి అలవాటుపడ్డ మన నోటికి షౌ తొందరగా నచ్చుతుంది. కొత్త షెంగ్‌లో చేదూ వగరూ గట్టిగా ఉంటాయి, పరగడుపున వరసగా నాలుగైదు దుకాణాల్లో తాగితే తల తిరిగి కడుపులో తిప్పుతుంది. ఏదైనా తినేసి బయల్దేరాలి.

దుకాణంవాళ్ళు కాచే తీరు తెలిస్తే రుచి చూడడం ఎలాగో తెలుస్తుంది. గైవాన్ అనే మూత కప్పు వంద మిల్లీలీటర్లు పడుతుంది. అందులో ఏడెనిమిది గ్రాముల ఆకు వేసి, మరిగే నీళ్ళతో ఒకసారి కడిగి పారబోసి, తర్వాత అయిదారు సెకన్లకే వంచేస్తారు. తాగడానికి అదే సరైన పద్ధతి. కొనడానికి మాత్రం అది చాలదు, అంత కొద్దిసేపట్లో లోపాలు బయటపడవు. కాబట్టి మూడు గ్రాములు ఒక కప్పులో వేసి, సలసల మరిగే నీళ్ళు పోసి, అయిదు నిమిషాలు వదిలేయమని అడగండి. ఎవరూ తప్పు పట్టరు. చేదు ఎక్కువగానే ఉంటుంది, దానికి భయపడొద్దు. అది గొంతు దిగాక తీపిగా మారుతోందా, నాలుక మీద పొడిబారి అలాగే పట్టుకుంటోందా అన్నదే చూడాలి. ఖాళీ కప్పు చల్లారాక వాసన చూస్తే పొగ, బూజు, తడి గోనెసంచి లాంటి వాసనలు దాగవు.

తర్వాత నానిన ఆకును పళ్ళెంలో పరచమనండి. షౌ ఆకు గోధుమరంగులో ఉండి వేళ్ళతో నలిపితే విచ్చుకోవాలి. బొగ్గులా నల్లగా, బిరుసుగా ఉంటే కుప్పలో వేడి మితిమీరి మాడిందన్నమాట. షెంగ్‌లో ఆకు అంచులు బాగా ఎర్రబడి ఉంటే మూకుడులోకి వెళ్ళకముందే కమిలిందని అర్థం. ఈరోజు తియ్యగా, పూలవాసనతో ఉన్నా నిలవ ఉంచితే చప్పబడుతుంది. ఎండకు బదులు వేడి యంత్రంలో ఆరబెట్టిన ఆకూ అంతే, గ్రీన్ టీలా ఘుమఘుమలాడుతూ కొత్తవాళ్ళని ఇట్టే పట్టేస్తుంది. ఈ ఏడే తాగేద్దామనుకుంటే అందులో తప్పులేదు, దాచడానికైతే వద్దు. ఇక కొత్త షౌకి ఉండే నీచు, బురద వాసన కుప్ప వాసన. ఏడాది రెండేళ్ళలో పోతుంది కాబట్టి రెండు మూడేళ్ళు గడిచిన షౌ కొనడం మేలు.

బిళ్ళ దిబ్బరొట్టెంత ఉంటుంది, బరువు మామూలుగా 357 గ్రాములు. ఏడు బిళ్ళలు పేర్చి వెదురు పొరలో చుట్టిన కట్టను టోంగ్ అంటారు, సుమారు రెండున్నర కిలోలు. కాగితం మీద 7542 అని ఉంటే అది 1975లో తయారైన టీ అని కాదు. మొదటి రెండంకెలు ఆ బిళ్ళలోని ఆకుల కలయిక పుట్టిన ఏడు, మూడోది ఆకు స్థాయి, నాలుగోది ఫ్యాక్టరీ: 2 అంటే మెంగ్‌హాయ్, 3 అంటే షియాగువాన్. తయారైన తేదీ వెనకవైపు వేరే ఉంటుంది. షెంగ్‌కి 7542, షౌకి 7572 కొలబద్దలుగా పెట్టుకుంటే తర్వాత ఏది తాగినా పోల్చుకోవచ్చు. ధర అడిగేటప్పుడు జిన్‌కా, కిలోకా అని తేల్చుకోవాలి. జిన్ అంటే అరకిలో, పొరపడితే లెక్క సగానికి సగం తేడా వస్తుంది.

కున్‌మింగ్ నుంచి దక్షిణానికి 2021 డిసెంబరులో మొదలైన చైనా–లావోస్ రైలు ఉంది. మధ్యలో పుఅర్ స్టేషన్ వస్తుంది. 2007 దాకా ఆ నగరం పేరు సిమావో. షిష్వాంగ్‌బన్నా స్టేషన్‌లో దిగి, జింగ్‌హోంగ్ మీదుగా రోడ్డున మెంగ్‌హాయ్ చేరాం. మార్చి, ఏప్రిల్ వసంతకాలపు కోతలు, ఇళ్ళముందు వెదురు చాపల మీద ఆకు ఆరుతూ ఉంటుంది. వానాకాలపు ఆకు పలచన. శరదృతువుది వాసన బాగుండి, వసంతపు దానికంటే చవగ్గా దొరుకుతుంది.

మెంగ్‌హాయ్‌లో ఎటు చూసినా లావ్ బాన్‌జాంగ్ పేరే. బులాంగ్ కొండ మీది ఆ ఊరి ముసలి చెట్ల విడి ఆకే కిలో వేల యువాన్లు పలుకుతుంది. ఆ పేరున్న బిళ్ళ చవగ్గా ఇస్తున్నారంటే లోపల ఉన్నది వేరే ఆకు. ముసలి చెట్టుదని, వందల ఏళ్ళదని చెప్పే మాటను రుజువు చేసే దారి కొత్తవాళ్ళకి లేదు. 2007లో ఇలాంటి మోజుతోనే ధరలు ఆకాశానికెక్కి ఒక్కసారిగా కూలాయి. మొదటి కొనుగోలులో పేరుకి డబ్బు పెట్టొద్దు. యాభై గ్రాముల చొప్పున నాలుగు రకాల విడి ఆకు, ఒక షౌ బిళ్ళ, షియాగువాన్ వాళ్ళ వంద గ్రాముల గిన్నె ఆకారపు టువోచా ఒకటి చాలు. పూటకి అయిదు గ్రాములు వేసుకున్నా ఒక్క బిళ్ళ డెబ్బైసార్లకు వస్తుంది.

ఇంటికి తెచ్చాక రెండు వారాలు కదపకుండా ఉంచి తర్వాతే రుచి చూడండి, ప్రయాణం తర్వాత టీ మందకొడిగా ఉంటుంది. వంటింట్లో ఇంగువ పక్కన, అగరొత్తుల పొగ తగిలే చోట, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. గాలిలో తేమ అరవై, డెబ్బై శాతం మధ్య ఉంటే చాలు. హైదరాబాద్ ఎండల్లో గాలి మరీ పొడి, అట్టపెట్టెలో మూసి ఉంచాలి. విశాఖ, కాకినాడల్లో వానాకాలం బూజు భయం, వారానికోసారి తీసి చూసుకోవాలి. బిళ్ళను చేత్తో విరవకుండా, పక్క అంచు నుంచి సన్నటి కత్తి దూర్చి, మెల్లగా పైకెత్తి పొరలుగా విడదీయండి. కత్తి మొన రెండో చేతివైపు ఉండకూడదు. ఆకు ముక్కలై పొడిగా రాలితే కప్పులోకి చేదు ముందొస్తుంది.