‘ఒకవేళ’ అనే మాట అననివ్వండి

పోయిన మంగళవారం పెట్ స్కాన్ రిపోర్ట్ వచ్చింది. డోవిల్ స్కోర్ 3. అది తెలిసిన దగ్గర్నించి ఫోన్లు ఆగడం లేదు, అందరిదీ ఒకటే ప్రశ్న, "అయితే తగ్గిపోయినట్టేగా?" ఒక్కొక్కరికీ ఒక్కోలా చెప్పి అలిసిపోయాను, అందుకని ఇక్కడ ఒకసారి మొత్తం రాసేస్తున్నా.

నాది హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫు గ్రంథులకొచ్చే క్యాన్సర్, మూడో స్టేజ్. ఏబీవీడీ అని నాలుగు మందులు కలిపి ఇచ్చే కీమో, పదిహేను రోజులకొకటి, మొత్తం 12. నాలుగు అయ్యాక ఒక పెట్ స్కాన్ తీసి మందు పనిచేస్తోందో లేదో చూస్తారు. గడ్డలు ఇంకా ఎంత గ్లూకోజ్ లాక్కుంటున్నాయో చూసి, లివర్‌తో పోల్చి 1 నుంచి 5 దాకా స్కోర్ వేస్తారు. 3 వరకూ మంచికిందే లెక్క, 4, 5 అయితే మందు మార్చే ఆలోచన చేస్తారు. అంటే నాది మంచి రిజల్టే. డాక్టర్ గారు కూడా సంతోషంగానే చెప్పారు. మిగతా కీమోల్లో బ్లియోమైసిన్ ఆపేస్తామన్నారు, ఊపిరితిత్తులని దెబ్బతీసే మందు అది. ఇలా స్కాన్ బాగా వచ్చినవాళ్లకి దాన్ని ఆపినా ఫలితం పెద్దగా తగ్గదని 2016లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం చెప్పింది, 1,200 మందికి పైగా పేషెంట్లతో చేసింది. ఆపినవాళ్లలోనూ ఆపనివాళ్లలోనూ మూడేళ్ల తర్వాత జబ్బు ముదరకుండా, తిరగబెట్టకుండా ఉన్నవాళ్లు నూటికి ఇంచుమించు 85 మంది.

ఆ 85 పగలంతా నాకు ధైర్యంగా ఉంటుంది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చినప్పుడు మాత్రం మిగిలిన 15 మంది గుర్తొస్తారు. నేను ఎటువైపో చెప్పే స్కాన్ ఇంకా పుట్టలేదు, చివరి కీమో అయ్యాక కూడా ఏళ్ల తరబడి చెకప్‌లకి తిరుగుతూనే ఉండాలి.

ఇది ఎవరికైనా చెప్పబోతే సగంలోనే ఆపేస్తారు. "ఛ, అట్లాంటి మాటలు మాట్లాడకు, నీకేం కాదు." ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. కానీ ఆ మాటతో నా మాట అక్కడికక్కడే ఆగిపోతుంది, భయం మాత్రం నా దగ్గరే ఉండిపోతుంది. అమ్మ అయితే మరీను. మాది గూడూరు. చిన్నప్పుడు మా వీధిలో "అడయార్ తీసకపోయినారంట" అని ఎవరి గురించైనా అంటే ఆడవాళ్లు గొంతు తగ్గించేవాళ్లు. చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోయిన బాధతో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారు పట్టుబట్టి 1954లో చెన్నై అడయార్‌లో మొదలుపెట్టిన క్యాన్సర్ ఆస్పత్రి అది, ఎంతమందిని బతికించిందో. అయినా మా అమ్మకి ఆ పేరు వింటేనే భయం. నేను చూపించుకునేది అక్కడ కాదు, అయినా పక్కింటివాళ్లకి "చెన్నైలో ఏదో చిన్న ట్రీట్‌మెంట్" అనే చెబుతోంది.

నాకు ముందు దొరికిన భరోసా కూడా అలాంటిదే. మెడ పక్కన గడ్డ కనిపించినప్పుడు ఒక క్లినిక్‌లో సూదితో కొంచెం తీసి చూసి, టీబీ అయి ఉంటుంది, భయపడాల్సిందేం లేదు అని మందులు రాశారు. మన దగ్గర మెడ మీద గడ్డ అంటే ముందు టీబీయే అనుకుంటారు, అదీ నిజమే. రెండు నెలలు మింగాను. రాత్రిళ్లు చొక్కా పిండితే నీళ్లు కారేంత చెమట, ఒళ్లంతా దురద, ఎనిమిది కిలోలు తగ్గాను. మొత్తం గడ్డ తీసి బయాప్సీ చేస్తేగానీ అసలు సంగతి బయటపడలేదు. మీలో ఎవరికైనా టీబీ మందులు వాడుతున్నా గడ్డ తగ్గకపోతే, దయచేసి బయాప్సీ గురించి అడగండి.

కీమో మొదలయ్యే ముందు ఒక పని ఉంది. పిల్లలు పుట్టే అవకాశం దెబ్బతినే ప్రమాదం ఈ మందులతో తక్కువే, అయినా ముందుజాగ్రత్తగా వీర్యం దాచిపెట్టుకోమన్నారు. నాకు 31, పెళ్లి కాలేదు. నాన్న నాతో వచ్చాడు. రిటైరైన లెక్కల మాస్టారు, ఏ కాగితమైనా చివరిదాకా చదవకుండా సంతకం పెట్టనివ్వడు. ఆ ఫారంలో ఒకచోట, ఒకవేళ నేను చనిపోతే దాచినదాన్ని ఏం చేయాలి అని ఉంది. పారేయాలా, భార్యకి ఇవ్వాలా, పరిశోధనకి ఇవ్వాలా. పక్కన చిన్న గళ్లు. నేను గబగబా పేజీ తిప్పబోయాను, నాన్న చెయ్యి అడ్డం పెట్టాడు. కళ్లజోడు పైకి తోసుకుని ఆ మూడు లైన్లూ వేలు పెట్టి చదివాడు.

"ఇందులో ఏది పెడతావు నాయనా?"

"పరిశోధనకి."

"సరే. సంతకం ఈడ."

అంతే. నీకేం కాదు అనలేదు. ఆటోలో చెన్నైలో నేనుండే వేళచ్చేరి వచ్చేదాకా నా మణికట్టు పట్టుకునే కూర్చున్నాడు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత మధ్యలో లేవకుండా నిద్రపోయాను.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, శనివారం మా ఓనరమ్మ అద్దె అగ్రిమెంట్ కాగితాలతో పైకొచ్చింది. మూడు తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగువాళ్లు, మాటలో సగం తమిళం. "ఏం తంబీ, మళ్లీ పదకొండు నెలలకి రాసుకుందామా?" పోయినేడాది చదవకుండానే సంతకం పెట్టేశాను. ఈసారి పదకొండు నెలలు అనే మాట దగ్గరే ఆగిపోయాను. అప్పటికి కీమోలు అయిపోయి ఏడెనిమిది నెలలు గడవాలి, ఉద్యోగంలోకి వెళ్లి ఉండాలి, లేదా జబ్బు తిరగబెట్టి ఇంకో వార్డులో ఉండాలి. ఏది చెప్పను? ధైర్యం చేసి, "ఆంటీ, ఒకవేళ మధ్యలోనే ఊరికి వెళ్లిపోవాల్సి వస్తే" అన్నాను.

ఆవిడ కూర్చుంది. కాసేపు నా మొహం చూసి, "ఆ మాట కూడా రాసేసుకుందాం. రెండు నెలల నోటీసు అని ఉంది కదా, దాన్ని పదిహేను రోజులు చేస్తా. అడ్వాన్స్ మీ నాయన చేతిలో పెడతా" అంది. నా పెన్ను తీసుకుని ‘రెండు నెలలు’ కొట్టేసి పైన ‘15 రోజులు’ అని రాసి, పక్కన పొట్టి సంతకం చేసింది, నా చేత కూడా చేయించింది. వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, రేపు మోటార్ రిపేరుకి మనిషి వస్తాడు, నీళ్లు పట్టి పెట్టుకో అంది.

రెండు బకెట్లు, పెద్ద బిందె నింపి పెట్టాను. గురువారం ఐదో కీమో. ఇంకా ఆస్పత్రి గుమ్మం ఎక్కకముందే ఆ శానిటైజర్ వాసన తలుచుకుంటే కడుపులో తిప్పుతోంది. ఆ ఎర్ర మందు సిరంజితో నర్సు మెల్లగా ఎక్కించేటప్పుడు నేను అటువైపు చూడను, వెలుతురు తగలకూడదని నల్ల కవరు తొడిగే సీసా ఎక్కేటప్పుడు చెయ్యంతా మండుతుంది. నాన్న బుధవారం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాడు. అగ్రిమెంట్ ఆయన చదవడానికి టేబుల్ మీదే ఉంచాను.