ఐ8 అంటే 8 బిట్లా, 8 బైట్లా?

ఫైల్ ఫార్మాట్ డాక్యుమెంట్లో ఫీల్డు (ఫైల్లో ఒక విలువ ఉండే చోటు) పక్కన "ఐ8" (i8) అని రాసి వదిలేస్తే సరిపోదు. రస్ట్ భాషలో ప్రోగ్రాములు రాసేవాళ్లకి అది 8 బిట్ల సైన్డ్ (మైనస్ విలువలూ పట్టే) పూర్ణాంకం. పైథాన్ లైబ్రరీ నంపైలో అదే ఐ8 అంటే 8 బైట్లు, అంటే 64 బిట్లు. "వర్డ్" సంగతీ ఇంతే: ఎక్స్86 ప్రాసెసర్ల మాన్యువల్లో 16 బిట్లు, ఆర్మ్‌లో 32. సీ భాషలోని "లాంగ్" 64 బిట్ల లినక్స్‌లో 8 బైట్లు, 64 బిట్ల విండోస్‌లో 4 బైట్లే. ఫైల్లో ఉండే ఫీల్డుకి "లాంగ్" అని ఎప్పుడూ రాయొద్దు.

బొమ్మలు దాచే బీఎంపీ ఫైల్నే చూడండి. మామూలు 40 బైట్ల ఇన్ఫో హెడర్ ఉంటే, సున్నా నుంచి లెక్కపెట్టి 22వ బైట్ దగ్గర బొమ్మ ఎత్తు మొదలవుతుంది. అది సైన్డ్ 32 బిట్లు, లిటిల్ ఎండియన్ (అన్నిటికన్నా చిన్న విలువ ఉన్న బైట్ ముందు వస్తుంది). వరుసలు పైనుంచి కిందికి ఉంటే ఎత్తు మైనస్‌లో ఉంటుంది. -480కి ఫైల్లో కనిపించే బైట్లు, హెక్స్‌లో (16 ఆధారంగా రాసే అంకెల్లో): 20 ఎఫ్ఈ ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్. సైన్ సంగతి డాక్యుమెంట్ చెప్పకపోతే చదివేవాడు అన్‌సైన్డ్ అనుకుంటాడు, ఎత్తు 4294966816 అవుతుంది, మెమరీ కేటాయింపు దగ్గరే ప్రోగ్రామ్ పడిపోవచ్చు.

నేనైతే టేబుల్లో ఇలా రాస్తాను: ఆఫ్‌సెట్ (ఫైల్ మొదటి నుంచి దూరం) 22, సైజు 4 బైట్లు, ఐ32, లిటిల్ ఎండియన్, మైనస్ అయితే మొదటి వరుస పైది. టైప్‌లో బిట్లు, సైజులో బైట్లు విడివిడిగా ఉంటే ఒకటి తప్పు పడినా రెండోది పట్టిస్తుంది. టూస్ కాంప్లిమెంట్ (మైనస్ సంఖ్యల్ని బిట్లలో రాసే మామూలు పద్ధతి) అన్న మాట డాక్యుమెంట్ మొదట్లో ఒక్కసారి చెబితే చాలు.

24 బిట్ల ఆడియో శాంపిల్ లాంటి వాటికి ఇంకో వాక్యం తప్పనిసరి: 3 బైట్లు చదివాక సైన్ చెప్పే 23వ బిట్‌ను (సున్నా నుంచి లెక్కపెట్టి) 32 బిట్ల సంఖ్యలో మిగిలిన పై 8 బిట్లలోకీ నింపాలి.