రేటింగు కోటా, వీసా గడువు

అమెరికా ఆఫీసుల్లో పోటీ అంతా ఒకటే రకం కాదు. బాగా చేసినవాళ్లందరికీ మంచి రేటింగు వచ్చే చోట పక్కవాడు బాగుపడితే మనకొచ్చే నష్టమేమీ లేదు. టీమ్‌లో ఇంతమంది అడుగున ఉండి తీరాలని ముందే కోటా పెట్టిన చోట మాత్రం పక్కవాడు జారితేనే మనకు నిలకడ. జాక్ వెల్చ్ హయాంలో జనరల్ ఎలక్ట్రిక్‌లో నడిచింది ఇదే: పైన 20 శాతం, నడుమ 70, అడుగున 10. ఆ అడుగువాళ్లకు ఉద్వాసన. మైక్రోసాఫ్ట్ కూడా ఇలాంటి పద్ధతినే ఏళ్ల తరబడి నడిపి 2013 నవంబరులో వదిలేసింది.

కోటా ఉందని కంపెనీ రాసివ్వదు. రేటింగులు ఖాయం చేసే క్యాలిబ్రేషన్ మీటింగులో ఏం జరుగుతుందో మేనేజర్‌ని నేరుగా అడగాలి. "టీమంతా బాగా చేసినా ఒకర్ని దించాల్సి వస్తుందా?" అన్న ప్రశ్నకు నీళ్లు నమిలితే కోటా ఉందనే అనుకోవచ్చు.

అలాంటి సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ముందు చెడేది కోడ్ రివ్యూ, అంటే ఒకరు రాసిన కోడ్‌ని తోటివాళ్లు చూసి తప్పులు చెప్పడం. నలభై లైన్ల మార్పుని మూడు రోజులు ఎవరూ ముట్టుకోరు. నాలుగో రోజు వేరియబుల్ పేర్ల మీద, ఖాళీ లైన్ల మీద కామెంట్లు పడతాయి. నెట్‌వర్క్ తెగి మళ్లీ ప్రయత్నించినప్పుడు కస్టమర్ డబ్బు రెండుసార్లు కట్ అవుతుందన్న అసలు తప్పు కనిపెట్టినవాడు అక్కడ రాయడు. అది ప్రొడక్షన్‌లో, అంటే కస్టమర్లు వాడే అసలు సిస్టమ్‌లో పేలాక, మేనేజర్ ఉన్న చాట్ ఛానెల్లో "నాకు అప్పుడే అనుమానం వచ్చింది" అంటాడు. మనిషి చెడ్డవాడనుకుంటాం గానీ, అలా చేసినవాడికే రేటింగు దక్కే ఏర్పాటు అది. రన్‌బుక్కులు (సిస్టమ్ ఆగితే ఏం చేయాలో చెప్పే నోట్సు) రాయకపోవడం, మీటింగుకి పిలవడం మర్చిపోవడం కూడా ఈ బాపతే.

కంపెనీ ఉద్యోగానికి ముడిపడిన హెచ్-1బి వీసా మీద ఉన్నవాళ్లకు దీని దెబ్బ రెట్టింపు. ఉద్యోగం పోతే దేశంలో ఉండటానికి దొరికే వెసులుబాటు గరిష్ఠంగా 60 రోజులు; ఐ-94 (దేశంలో ఎప్పటివరకు ఉండొచ్చో చెప్పే రికార్డు) గడువు అంతకన్నా ముందే తీరితే అంతవరకే. ఆ భయంతో సెలవు పెట్టనివాళ్లు, రాత్రి పదకొండుకీ మెసేజీకి జవాబిచ్చేవాళ్లు టీమ్ మొత్తానికీ కొలబద్ద పెంచేస్తారు. విచిత్రమేమిటంటే అందులో ఎక్కువగా నలిగేది మనవాళ్లే, మనవాళ్ల చేతుల్లోనే.

చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ప్రతి శుక్రవారం మూడు లైన్లు రాసి మేనేజర్‌కి పంపాలి: ఏం పూర్తయింది, ఎవరికి పనికొచ్చింది, ఏ అంకె మారింది. ఇతరుల కోడ్‌లో పట్టిన తప్పు, రాసిన రన్‌బుక్కు కూడా అందులో చేర్చాలి. క్యాలిబ్రేషన్‌లో మేనేజర్ వాదించేది చేతిలో ఉన్న కాగితంతోనే. రాయని సాయం అక్కడ లెక్కకు రాదు.

పీఐపీ (పనితీరు మెరుగుపరచుకోమని గడువు పెట్టి ఇచ్చే నోటీసు) చేతికొస్తే అందులోని లక్ష్యాలు కొలవదగ్గవో కావో చూడాలి. "చొరవ పెంచుకోవాలి" లాంటి వాక్యాలే ఉంటే వెళ్లిపొమ్మని మర్యాదగా చెప్పినట్టే. 60 రోజుల లెక్క ఉద్యోగం ఆగాకే మొదలవుతుంది కాబట్టి కొత్త ఉద్యోగం వేట పీఐపీ వచ్చిన రోజే మొదలెట్టాలి. కొత్త కంపెనీ హెచ్-1బి పిటిషన్ దాఖలు చేశాక, ఆమోదం కోసం ఆగకుండా చేరే వీలుంది. గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 పిటిషన్ ఆమోదమై 180 రోజులు దాటితే పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా ఆ ఆమోదం రద్దు కాదు; ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు వరుసలో మన తేదీ, కూడా మిగులుతుంది. ఈ పనులకు కావాల్సిన పే స్టబ్‌లు (జీతం రశీదులు), ఐ-797 (పిటిషన్ ఆమోద నోటీసు) కాపీలు ఆఫీసు ల్యాప్‌టాప్‌లో కాకుండా ఇంట్లో ఉంచుకోవాలి. లాగిన్ తీసేసేటప్పుడు ఎవరూ ముందు చెప్పరు.