సర్వోని తిట్టే ముందు ఆ నాలుగు స్క్రూలు చూడండి

ఆర్‌సీ బగ్గీలు, అంటే రిమోట్‌తో నడిచే చిన్న బండ్లు, నడిపే కుర్రాళ్లు నా దగ్గరికి బండి పట్టుకొచ్చి చెప్పే మాట దాదాపు ఒకటే. "అన్నా, సర్వో పోయింది, ఏది కొనమంటావ్?" సర్వో అంటే రిమోట్ చెప్పినట్టు చక్రాలని అటూ ఇటూ తిప్పే చిన్న మోటారు డబ్బా. నేను ముందు బాడీ తీసి సర్వో చెవుల దగ్గర, అంటే స్క్రూలు పట్టే రెక్కల దగ్గర, చూస్తాను. నాలుగు స్క్రూలు ఉండాల్సిన చోట మూడే ఉంటాయి, అందులో ఒకటి వంకరగా దిగి ఉంటుంది. చక్రాలు చేత్తో పట్టుకుని రిమోట్ తిప్పితే చక్రం బదులు సర్వో డబ్బానే కదులుతుంది. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరికే ఎంజీ996ఆర్ సర్వో అయినా, దానికి పదింతలు పోసి తెప్పించుకున్నదైనా, ఇలా బిగిస్తే బండి తిన్నగా పోదు.

సర్వో డబ్బా అంటే ఒక్క ముక్క కాదు, మూడు ముక్కలు ఒకదానిమీద ఒకటి పెట్టి నాలుగు పొడుగు స్క్రూలతో పట్టించినది. గేర్లు పై ముక్కలో ఉంటాయి, మోటార్ మధ్య ముక్కలో ఉంటుంది. డబ్బా కొంచెం మెలిపడినా గేర్లు ఒకదాన్నొకటి సరిగా పట్టవు, సర్వో ఊరికే ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. అందుకే సర్వోని బిగించే స్టాండులు సమంగా ఉన్నాయో లేదో చూడకుండా స్క్రూడ్రైవర్ తీయొద్దు. సర్వోని ఊరికే ఆనించి పెట్టి చూడండి, నాలుగు చెవులూ స్టాండుకి పూర్తిగా ఆనాలి. ఒక మూల సందు కనిపిస్తే అక్కడ సన్నటి వాషర్ వేయాలి గానీ, స్క్రూతోనే లాగేద్దాం అనుకుంటే చెవి విరుగుతుంది. నాలుగు స్క్రూలూ ముందు సగం దాకా దింపి, ఆ తర్వాత ఎదురెదురు మూలలు మార్చుకుంటూ బిగించండి. బిగించక ముందు ఒకసారి, బిగించాక ఒకసారి కనెక్షన్ లేకుండా హార్న్‌ని (సర్వో ఇరుసు మీద ఎక్కే చెయ్యి) నెమ్మదిగా చేత్తో తిప్పి చూడండి. రెండోసారి గట్టిగా అనిపించిందంటే డబ్బా మెలిపడినట్టే, విప్పి మళ్లీ చూసుకోవాలి.

సర్వో అడుగుకీ ఛాసిస్‌కీ (బండి అడుగు ప్లేటు) మధ్య కనీసం 1 మిల్లీమీటరు ఖాళీ ఉండాలి. బగ్గీ గాల్లోకి లేచి దిగినప్పుడు ఛాసిస్ ప్లేటు వంగుతుంది, మన కంటికి కనిపించదంతే, ఆ వంగిన ప్లేటు సర్వో అడుగుని కొడితే దెబ్బ సీదా గేర్లకి పోతుంది. 1/10 సైజు ఎలక్ట్రిక్ బగ్గీలలో ఇప్పుడు ఫ్లోటింగ్ మౌంట్ అని వస్తున్నది ఇందుకే. సర్వో రెండు వైపులా ఒకే ముక్కకి పట్టి ఉంటుంది, ఛాసిస్ ఎటు మెలిపడినా ఆ మెలిక సర్వో దాకా రాదు. మౌంట్ అల్యూమినియందైతే ఆ స్క్రూలకి నీలం రంగు థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క చాలు. లోహం లోహంలోకి దిగే చోట మాత్రమే సుమా, ప్లాస్టిక్ దగ్గరికి రానివ్వొద్దు, కొన్ని రకాల ప్లాస్టిక్‌ని అది పెళుసుగా చేసేస్తుంది.

సర్వోతో పాటు చిన్న సంచీలో రబ్బరు బుష్షులూ, ఇత్తడి గొట్టాలూ వస్తాయి. విమానాల్లో, పెట్రోలు ఇంజిన్ల దగ్గర అదురు తగ్గించడానికి అవి పనికొస్తాయి. బగ్గీ స్టీరింగుకి నేను వాడను, రబ్బరు నలిగినంత మేరా స్టీరింగ్ మెత్తబడుతుంది. వాడాలనుకుంటే ఇత్తడి గొట్టం కింది నుంచి ఎక్కించండి, వెడల్పు అంచు స్టాండు వైపు ఉండాలి.

అసలు తిప్పలు హార్న్ దగ్గర మొదలవుతాయి. రిమోట్ ఆన్ చేసి, ట్రిమ్ (సర్వో మధ్యని అటూ ఇటూ జరిపే రిమోట్ మీట) సున్నాకి తెచ్చి, బండికి కరెంటిచ్చి సర్వోని మధ్యకి రానివ్వకుండా హార్న్ ఎక్కించకండి. 1500 మైక్రోసెకన్ల పల్స్ దగ్గర సర్వో ఎక్కడ నిలబడుతుందో అదే మధ్య, చేత్తో అంచనాగా తిప్పి పెట్టింది కాదు. చక్రాలు తిన్నగా ఉన్నప్పుడు హార్న్‌కీ, దాన్నుంచి చక్రాల వైపు పోయే లింకు కడ్డీకీ మధ్య 90 డిగ్రీలు రావాలి, లేకపోతే ఒక వైపు ఎక్కువ తిరుగుతుంది, ఇంకో వైపు తక్కువ.

హార్న్ లోపలి పళ్లు కూడా అన్ని కంపెనీలవీ ఒకటి కావు. ఫుటాబాకి 25, చాలా హైటెక్ సర్వోలకి 24, సాన్వా, కేఓ వాటికి 23. ఒకదాని హార్న్ ఇంకోదానికి సుత్తితో ఎక్కించే మహానుభావులు ఉన్నారు, ఏం చెప్పాలి! 25 పళ్లంటే ఒక్క పన్ను జరిపితే 14.4 డిగ్రీలు. కావాల్సిన చోటు ఆ మధ్యలో ఎక్కడో పడుతుంది. ప్లస్ ఆకారంలో నాలుగు చేతుల ప్లాస్టిక్ హార్న్ ఉంటే చిన్న కిటుకు ఉంది: 25 నాలుగుతో సమంగా భాగించబడదు కాబట్టి, నాలుగు చేతులూ పావు పన్ను చొప్పున తేడాగా నిలబడతాయి, అంటే 3.6 డిగ్రీలు. ఒక్కో చెయ్యీ మార్చి చూసుకుని, 90కి దగ్గరగా వచ్చింది ఉంచుకుని మిగతా మూడూ కత్తిరించేయండి. 24 పళ్ల వాటికి ఈ కిటుకు పనిచేయదు. మిగిలిన కొంచెం తేడా సబ్‌ట్రిమ్‌తో (మధ్యని కొద్దిగా జరిపే రిమోట్ సెట్టింగు) సరిచేయండి, అంతా దానితోనే లాగాలని చూస్తే తిరిగే దూరం ఒక వైపు తగ్గిపోతుంది.

టమియా కంపెనీ కిట్లలో సర్వో సేవర్ (చక్రానికి తగిలిన దెబ్బ గేర్లకి పోకుండా స్ప్రింగుతో ఆపే హార్న్) పెట్టెలోనే వస్తుంది, కాస్త వదులుగా ఉంటుందని చాలామంది హై టార్క్ సేవర్‌కి మారతారు, అది మంచి పనే. సేవర్ తీసేసి అల్యూమినియం హార్న్ పెట్టాలంటే మాత్రం లోహపు గేర్ల సర్వో ఉండి తీరాలి.

ఎండ్ పాయింట్లు, అంటే సర్వో ఒక్కో వైపు ఎంత దాకా తిరగాలో చెప్పే రిమోట్ సెట్టింగులు, బండిని చక్రాలు గాల్లో ఉండేలా ఏదైనా పెట్టె మీద పెట్టి చూసుకోండి. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే చక్రం ఆగిపోయాక కూడా సర్వో గుర్రుమంటోందా? దాని బలమంతా అక్కడ పోతోంది. ఎంజీ996ఆర్ లాంటిది అలా ఆగిపోయి 2.5 ఆంపియర్ల దాకా లాగుతుంది. గుర్రు ఆగే దాకా ఎండ్ పాయింట్ తగ్గించండి, రెండు వైపులా విడివిడిగా.

నైట్రో బగ్గీ (ఇంధనం పోసి ఇంజిన్‌తో నడిపేది) ఉన్నవాళ్లకి రెండో సర్వో కూడా ఉంటుంది, థ్రాటిల్‌కీ బ్రేకుకీ అదొక్కటే. థ్రాటిల్ ఇస్తే కార్బురేటర్ తెరుచుకోవాలి, బ్రేకు వేస్తే అది మూసుకున్నాకే బ్రేకు పట్టాలి. మధ్యలో ఉన్నప్పుడు కార్బురేటర్ 1 మిల్లీమీటరు అటూ ఇటూ తెరిచి ఉండాలి, బ్రేకు అసలు తగలకూడదు. లింకు మీద స్ప్రింగూ కాలరూ ఉండేది ఇందుకే, కార్బురేటర్ మూసుకుపోయాక సర్వో ఇంకా జరిగితే ఆ స్ప్రింగు నొక్కుకుంటుంది. ఇదంతా అయ్యాక ఇంజిన్ ఆపి ఉంచి, బండిని ఆన్‌లోనే ఉంచి, రిమోట్ మాత్రం ఆఫ్ చేయండి. సర్వో బ్రేకు వైపు వెళ్లాలి. వెళ్లలేదంటే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే బండిని ఆపే సెట్టింగు) పెట్టలేదన్నమాట, అది పెట్టే దాకా ఆ బండిని గ్రౌండ్‌కి తేకండి, కనీసం నేనున్న గ్రౌండ్‌కి.