నది తరఫున ఎవరు?

“నదికి హక్కులేంటి, కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తుందా?” అన్నాడు ఇవాళ లంచ్ టైంలో మా కొలీగ్ ఒకతను. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కంపెనీ కూడా నోరు తెరిచి మాట్లాడదు కదా. అయినా దాని పేరు మీద ఆస్తులుంటాయి, కేసులు వేస్తుంది. అంటే చట్టం దృష్టిలో అదీ ఒక ‘వ్యక్తే’. మన చట్టంలో గుడిలోని విగ్రహానికీ ఆ హోదా ఉంది.

న్యూజిలాండ్‌లో వాంగనుయి నదికి 2017లో ఏకంగా పార్లమెంటే చట్టం చేసి ఆ హోదా ఇచ్చింది. నది తరఫున మాట్లాడేది ఇద్దరు. ఒకరిని ప్రభుత్వం, ఇంకొకరిని ఆ నదితో బంధమున్న మావోరీ (అక్కడి మూలవాసుల) తెగలు నామినేట్ చేస్తాయి. కొండల నుంచి సముద్రం దాకా నది మొత్తం విడదీయలేని ఒకే ప్రాణమని చట్టంలోనే రాసుకున్నారు. ఇది లాయర్ల బుర్రలో పుట్టిన ఆలోచన కాదు. ఆ తెగలు తరతరాలుగా నమ్మింది అదే. దానికోసం వందేళ్లకు పైగా కొట్లాడారు.

అదే ఏడాది ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా, యమునలకూ ఆ హోదా ఇచ్చింది. కానీ సంరక్షకులుగా పెట్టింది ప్రభుత్వ అధికారుల్ని. కొన్ని నెలలకే సుప్రీంకోర్టు స్టే.

ఒడ్డున బతికేవాళ్లకే ఆ బాధ్యత ఇచ్చుంటే ఎలా ఉండేదో అని మధ్యాహ్నం నుంచీ ఒకటే ఆలోచన.