నాకెవరూ కళ్ళద్దాలు పెట్టలేదు

మైక్రోవేవ్‌లోంచి తీసిన కప్పు నూడుల్స్ ఎంత మరుగుతూ ఉంటాయో మా చిన్నాడి ఎడమ చేతి మీద ఒలికాకే తెలిసింది. వాడికి 8 ఏళ్ళు. ఆ కప్పు పొడుగ్గా ఉంటుంది, అడుగు సన్నం. మోచెయ్యి తగిలితే చాలు. పంపు కింద 20 నిమిషాలు చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే తెనాలి నుంచి అమ్మ వీడియో కాల్. "ఇడ్లీ పిండి రాయవే, బొబ్బలు రావు." ఫోన్ పెట్టేశాను. ఆవిడకి ఇంకా కోపమే.

కాలినప్పుడు ఒక్కసారే ఏడ్చాడు. అసలు నరకం ఆ తర్వాత. పట్టీ విప్పాలి, అంటుకున్న గుడ్డ తడిపి లాగాలి, చచ్చిన చర్మం తుడిచెయ్యాలి, మందు రాసి మళ్ళీ కట్టాలి. రెండు మూడు రోజులకోసారి ఇదే. మొదటిసారి ఇద్దరం కలిసి పట్టుకున్నా వాడు ఆగలేదు. ముందే నొప్పి మందు పట్టారు, అయినా అంతే. అయ్యాక నర్సు నవ్వు మొహం నుంచి ఏడుపు మొహం దాకా ఉన్న బొమ్మల వరస చూపించి "ఎంత నొప్పి?" అంటే, చివరి బొమ్మ మీద వేలు పెట్టి తియ్యలేదు.

రెండోసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు ఒకమ్మాయి వచ్చింది. పిల్లల భయం పోగొట్టడం, వాళ్ళని ఆడించడం, ఇదే ఆమె ఉద్యోగం. చేతిలో వీఆర్ (వర్చువల్ రియాలిటీ) కళ్ళద్దాలు. పెట్టుకుంటే చుట్టూ ఉన్న గది మాయమై, ఇంకో లోకంలో ఉన్నట్టే ఉంటుంది. వాడి తలకి తగిలించి పట్టీ బిగించింది. లోపల చేపల ఆట, తల తిప్పి ఎటు చూస్తే అటు వాటికి మేత పడుతుందట. చేతులతో పని లేదు. నర్సు కట్టు విప్పుతోంది, వీడు "అమ్మా, తాబేలు వచ్చింది, దానిక్కూడా వేశా" అంటున్నాడు. గుడ్డ లాగినప్పుడు ఒకసారి "స్స్" అన్నాడు. అంతే, మళ్ళీ చేపలు. ఆ రోజు మధ్య బొమ్మ చూపించాడు. నొప్పి లేదని కాదు, ఉంది. కానీ వాడి ధ్యాస అక్కడ లేదు.

నేను మాత్రం అక్కడే ఉన్నాను. గులాబీ రంగు పచ్చి చర్మం, దాని మీద నీళ్ళు పోస్తున్న నర్సు, అన్నీ చూస్తూ. వాడికి నా చెయ్యి అవసరం పడలేదు. నిజం చెప్పాలంటే కాస్త చివుక్కుమంది కూడా. ఏం తల్లినో!

ఇంటికొచ్చి దీని గురించి చదివితే, ఇదంతా మా ఊళ్ళోనే మొదలైందని తెలిసింది. మా ఊరంటే ఇప్పుడు సియాటిల్ లెండి. ఇక్కడి హార్బర్‌వ్యూ ఆసుపత్రి కాలిన గాయాల విభాగంలో (మేం వెళ్ళింది అక్కడికి కాదు) డేవిడ్ ప్యాటర్సన్ అనే సైకాలజిస్టు రోగుల నొప్పి తగ్గించడానికి హిప్నాసిస్ వాడేవారు. వాషింగ్టన్ యూనివర్సిటీలో హంటర్ హాఫ్‌మన్ సాలీళ్ళంటే భయపడేవాళ్ళకి వీఆర్‌తో ఆ భయం పోగొట్టే పనిలో ఉండేవారు. 1990ల్లో ఇద్దరూ కలిశారు. 2000లో వాళ్ళ మొదటి వ్యాసం వచ్చింది. 16, 17 ఏళ్ళ అబ్బాయిలిద్దరికి గాయాలు శుభ్రం చేస్తూ కాసేపు వీడియో గేమ్ ఇచ్చారు, కాసేపు వీఆర్ పెట్టారు. వీఆర్‌లో ఉన్నప్పుడే నొప్పి తక్కువ అనిపించిందన్నారు ఇద్దరూ. "నొప్పి ఎంత?" అన్న ప్రశ్న ఒక్కటే కాదు, "నొప్పి గురించి ఎంతసేపు ఆలోచించావు?" అని కూడా అడిగారట. ఆ రెండో ప్రశ్న నాకు బాగా నచ్చింది.

తర్వాత కాలినవాళ్ళ కోసమే స్నోవరల్డ్ అని ఒక ఆట తయారుచేశారు. మంచులోయలో తేలుతూ పోతూ మంచు మనుషుల మీద, పెంగ్విన్ల మీద మంచు ఉండలు విసరడం. నిప్పుకి విరుగుడు మంచే కదా! మొహం కాలినవాళ్ళకి తలకి ఏదీ తగిలించలేరు కాబట్టి, కళ్ళద్దాలని ఒక స్టాండుకి బిగించి కళ్ళ ముందుకి తెచ్చారు. నీళ్ళ తొట్టిలో గాయం కడిగించుకునేవాళ్ళకి తడిసినా ఇబ్బంది లేని హెల్మెట్ చేశారు. 2004లో, గాయాలేమీ లేని మనుషుల పాదానికి వేడి తగిలిస్తూ మెదడు స్కాన్ తీశారు. ఆటలో ఉన్నప్పుడు నొప్పికి స్పందించే భాగాల్లో అలజడి బాగా తగ్గింది. అంటే నొప్పిని దాచుకుని ధైర్యంగా ఉన్నట్టు నటించడం కాదన్నమాట.

ఇది చదువుతుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. నాకు తొమ్మిదేళ్ళప్పుడు దీపావళికి చిచ్చుబుడ్డి అరచేతిలోనే పేలింది. కట్టు మార్చడానికి కాంపౌండరు ఇంటికొస్తే, అమ్మమ్మ నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని మొహం మీద కొంగు కప్పేసేది. లోపలంతా వక్కపొడి వాసన. "ఇప్పుడు మనం రైలెక్కాం, కృష్ణ దాటుతున్నాం, నీళ్ళున్నాయా ఇసకేనా చెప్పు" అనేది. నేను చెప్పేదాన్ని.

మూడోసారి ఆసుపత్రిలో, సగం డ్రెస్సింగ్ కాగానే కళ్ళద్దాల చార్జింగ్ అయిపోయింది. తీసేసరికి ఎదురుగా విప్పిన గాయం. వాడు గోల పెట్టాడు. ఇంకొకటి తెస్తానని ఆ అమ్మాయి పరిగెత్తింది. నేను వెంటనే చున్నీ తీసి వాడి మొహం మీద కప్పాను. "నాన్నా, ఇప్పుడు మనం రైలెక్కాం..."

"అమ్మా, ఊపిరాడట్లేదు. తీసెయ్."

తీసేశాను. ఇంకో కళ్ళద్దాలు వచ్చేదాకా ఇద్దరం ఏడ్చాం.

పోయిన వారం ఆఖరి కట్టు. గాయం దాదాపు మానింది, నొప్పేమీ లేదు. ఇవాళ కళ్ళద్దాలు అక్కర్లేదేమో అంది నర్సు. వీడు ఒప్పుకోలేదు.

"నొప్పికి కాదు, సొరచేపకి ఇంకా మేత వెయ్యలేదు" అన్నాడు.