పాత ఫోన్‌ని అప్పుడే రీసెట్ చేయకండి

"బదిలీ పూర్తయింది" అని కొత్త ఫోన్ చెప్పేది తను తెచ్చుకోగలిగిన వాటి గురించే. తేలేనివాటిని చాలాసార్లు చెప్పదు. వాట్సాప్ చాట్లు, ఓటీపీ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్, బ్యాంకు యాప్‌లు, ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్లోనే ఉండే సిమ్)... వీటికి దేని దారి దానిదే. ఆ దారి ఎక్కువగా పాత ఫోన్లోంచే మొదలవుతుంది. కాబట్టి పాతది చేతిలో, పనిచేస్తూ ఉండగానే అన్నీ చక్కబెట్టుకోవాలి.

ముందు పాత ఫోన్ పిన్ మీకు గుర్తుందో లేదో చూసుకోండి. రోజూ వేలిముద్రతో తెరిచేవాళ్లు దీన్ని ఇట్టే మర్చిపోతారు. గూగుల్ బ్యాకప్‌ని కొత్త ఫోన్లోకి దించేటప్పుడు అడిగేది పాత ఫోన్ పిన్నే, ప్యాటర్న్ పెట్టుకుని ఉంటే ప్యాటర్నే. ఆండ్రాయిడ్ 9 నుంచి బ్యాకప్‌కి తాళం అదే.

తర్వాత కాంటాక్ట్స్. అవి గూగుల్ ఖాతాలో ఉంటే లాగిన్ కాగానే వాటంతటవే వస్తాయి. ఫోన్లోనో సిమ్‌లోనో సేవ్ అయి ఉంటే రావు. సిమ్ మీద అసలు ఆధారపడొద్దు. మామూలుగా 250 పేర్లకు మించి పట్టవు, పేరూ నంబరూ తప్ప ఫొటోలు, చిరునామాలు నిలవవు. కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కితే అన్నీ ఒకే వీసీఎఫ్ ఫైలుగా వస్తాయి. దాన్ని మీకే మెయిల్ చేసుకుంటే ఆండ్రాయిడ్‌లోనైనా ఐఫోన్లోనైనా తెరుచుకుంటుంది.

రెండు ఆండ్రాయిడ్ ఫోన్ల మధ్య వైఫై కన్నా కేబుల్ నయం. కేబుల్ పెట్టినా ఫోన్లు ఒకదాన్నొకటి గుర్తించకపోతే, అది చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే రకమేమో చూడండి. అలాంటివాటిలో డేటా తీగలు ఉండవు. ఫోన్‌తో పాటు వచ్చే కేబుళ్లు చాలావరకు యూఎస్‌బీ 2.0 రకం. ఎంత బాగా నడిచినా సెకనుకు 40 మెగాబైట్ల దగ్గర ఆగిపోతాయి. ఆ లెక్కన 100 జీబీకి 40 నిమిషాల పైమాటే. వేలకొద్దీ చిన్న ఫైళ్లుంటే ఇంకా ఆలస్యం. "5 నిమిషాలు మిగిలి ఉంది" అని అరగంట చూపించినా కంగారుపడి తీగ పీకేయకండి.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి వెళ్లేవాళ్లకు మూవ్ టు ఐఓఎస్ యాప్ ఉంది. ఐఫోన్ మొదటి సెటప్‌లోనే దీన్ని ఎంచుకోవాలి. తర్వాత చూద్దాంలే అని దాటేస్తే, ఫోన్‌ని మొత్తం చెరిపి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది. ఐఫోన్ సొంతంగా ఒక తాత్కాలిక వైఫై పెడుతుంది, పాత ఫోన్ దానికి కలుస్తుంది. ఆ వైఫైలో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు అతితెలివికి పోయి మొబైల్ డేటాకి మారిపోతాయి, బదిలీ మధ్యలో తెగుతుంది. మొబైల్ డేటా ఆపేయండి. అయ్యేదాకా ఆ యాప్‌ని తెర మీదే ఉంచండి, వేరే యాప్‌లోకి వెళ్లకండి.

పాత ఫోన్ పాడైపోయి క్లౌడ్ బ్యాకప్ ఒక్కటే దిక్కయితే దాని పరిమితులు తెలిసుండాలి. గూగుల్ ఆటో బ్యాకప్‌లో ఒక్కో యాప్‌కి దక్కే చోటు 25 ఎంబీ. చాలా గేమ్‌ల స్కోర్లు, నోట్స్ యాప్‌ల రాతలు రాకపోవడానికి ఇదొక కారణం. ఫోన్ 57 రోజులు వాడకుండా పడి ఉంటే బ్యాకప్ చెరిగిపోవచ్చు. కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లో తీసిన బ్యాకప్ పాత వెర్షన్ ఉన్న ఫోన్లోకి దిగదు.

వాట్సాప్ దగ్గర జరిగే పొరపాట్లు అన్నిటికన్నా ఎక్కువ. రెండూ ఆండ్రాయిడ్‌లైతే పాత ఫోన్లో సెట్టింగ్స్, చాట్స్, ట్రాన్స్‌ఫర్ చాట్స్ తెరిచి, కొత్తదాంట్లో వచ్చే క్యూఆర్ కోడ్‌ని స్కాన్ చేస్తే చాలు, క్లౌడ్ అక్కర్లేదు. గూగుల్ డ్రైవ్‌లో ఉండే బ్యాకప్ దారిలో వెళ్తే నంబరూ గూగుల్ ఖాతా రెండూ పాతవే ఉండాలి. ఆ బ్యాకప్ ఇప్పుడు 15 జీబీ ఉచిత కోటాలో లెక్కకొస్తుంది. కోటా నిండితే బ్యాకప్ ఆగిపోతుంది, మీరేమో రోజూ అవుతోందనే అనుకుంటారు. చివరి బ్యాకప్ తేదీ ఒకసారి చూసుకోండి. బ్యాకప్‌కి పాస్‌వర్డో 64 అంకెల కీయో పెట్టి మర్చిపోతే, పాత ఫోన్ ఉండగానే సెట్టింగ్స్‌లో మార్చుకోండి. అది చేజారాక వాట్సాప్ వాళ్లూ తెరవలేరు. డ్రైవ్‌లోని బ్యాకప్‌ని ఐఫోన్ చదవలేదు కాబట్టి అటు వెళ్లేవాళ్లు మూవ్ టు ఐఓఎస్‌లోనే వాట్సాప్‌ని కూడా టిక్ చేయాలి. టెలిగ్రామ్ మామూలు చాట్లు వాటంతటవే వస్తాయి, సీక్రెట్ చాట్లు పుట్టిన ఫోన్‌తోనే పోతాయి.

గూగుల్ ఆథెంటికేటర్‌లో ఖాతాలను ఎక్స్‌పోర్ట్ చేసే క్యూఆర్ ఉంది. 2023 నుంచి గూగుల్ ఖాతాతో సింక్ కూడా ఉంది, కానీ మీది సింక్ అవుతోందో లేదో చూడకుండా నమ్మకండి. బ్యాంకు యాప్‌లు కొత్త ఫోన్లో మళ్లీ రిజిస్టర్ చేయించుకుంటాయి. అవి పంపే ఎస్సెమ్మెస్ కోసం సిమ్‌ని ముందే కొత్తదాంట్లో వేసుకోండి.

ఫొటోల సంగతి. కంప్యూటర్ ద్వారా కాపీ చేస్తే కెమెరాతో తీసినవాటి తేదీ ఫొటోలోపలే ఉంటుంది కాబట్టి చెక్కుచెదరదు. వాట్సాప్‌లో వచ్చినవాటికి ఆ సమాచారం ఉండదు. అందుకే ఐదేళ్ల నాటి ఫొటోలన్నీ ఇవాళే తీసినట్టు గ్యాలరీలో పైకొచ్చి కూర్చుంటాయి. తేదీ ఎక్కడికీ పోలేదు, ఫైలు పేరులో 20240115 అన్నట్టు ఉంటుంది. ఇంకో మాట: గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోని ఒక ఫోన్లో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోంచీ పోతుంది. పాత ఫోన్ ఖాళీ చేద్దామని అక్కడ డిలీట్ నొక్కితే కొత్తదాంట్లోనూ మాయమవుతుంది.

మెమరీ కార్డు తీసి ఇందులోంచి అందులో పెట్టేయొచ్చు, అది పాత ఫోన్లో ఇంటర్నల్ స్టోరేజ్‌గా ఫార్మాట్ అయి ఉండకపోతేనే. అయి ఉంటే ఆ కార్డుని ఆ ఫోనే చదవగలదు, రీసెట్ చేస్తే అదీ చదవలేదు.

ఒకట్రెండు వారాలు కొత్తదాన్ని వాడి, ఏదీ తగ్గలేదని తేలాకే రీసెట్. దానికి ముందు ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఖాతాని తీసేయండి. ఐఫోన్లో ఫైండ్ మై (పోయిన ఫోన్‌ని వెతికే సౌకర్యం) ఆపండి. ఐఫోన్ వదిలి ఆండ్రాయిడ్‌కి వస్తుంటే ఐమెసేజ్ (ఐఫోన్ల మధ్య నడిచే మెసేజ్ సేవ) కూడా ఆపాలి, లేకపోతే ఇతర ఐఫోన్ల నుంచి మీకొచ్చే మెసేజ్‌లు కొన్ని దారి తప్పుతాయి. ఈసిమ్ కొత్త ఫోన్‌కి మారిందో లేదో ఒక కాల్ చేసి చూడండి. రీసెట్ అయ్యాక ఆ ఫోన్‌ని ఒకసారి ఆన్ చేసి, వైఫైకి కలిపి, సెటప్‌లో రెండు మూడు అడుగులు ముందుకెళ్లండి. ఇంతకుముందు వాడిన ఖాతా వివరాలు ఇవ్వమని అడిగితే పాత ఖాతా వేసిన తాళం ఇంకా తీయలేదన్నమాట. దాన్ని అలాగే ఎవరికైనా ఇస్తే వాళ్లకు పనికిరాదు.